ఒక్కచోటి కాఫీకి అంత వెల యేల?

గత సంవత్సరము క్రిస్మసు సెలవులకు ముందు, మా పాఠశాలలో చదివి వెడలిన విద్యార్థి యొకడు మాకొక పొట్లము పంపెను. అతడు పాడేరు మన్యమునకు చెందినవాడు. ఇప్పుడు ఆ ప్రాంతముననే ఉపాధ్యాయుడుగా నున్నాడు. పొట్లములో వేయించిన కాఫీ గింజలు పావుకిలో యుండెను. వానితోకూడ ఒక చిన్న చీటి. "మాస్టారూ, ఇవి మా ఊరి కొండవి. మరి యే ఊరి గింజయు వీనిలో కలియలేదు. మా అమ్మ కోసిన పండ్లును వీనిలో నున్నవి" అని మాత్రమే అందు వ్రాసియుండెను.

మేము చేసినదేమనగా, ఆ గింజలను వీధి చివర మిరపకాయలు, ధనియాలు పట్టు మరకు పంపి పొడి కొట్టించితిమి. ఆ పొడిని నీళ్లలో వేసి తెర్లకాచి, చిక్కని పాలు పోసి, మూడు చెంచాల చక్కెర వేసికొని త్రాగితిమి. మాకది రుచింపలేదు. మా నాలుక యెరిగిన చేదు లేదు, చిక్కదనము లేదు. ఏదియో పులుపు మాత్రము తోచెను. ఉపాధ్యాయులకు తప్పులు దిద్దు నలవాటు మెండు గనుక, ఆ సంగతి దాచక అతనికి వ్రాసితిమి: "నాయనా, నీ కాఫీ పలుచగా నున్నది. మా అంగడి పొడియే మేలుగా నున్నది." రెండు నెలలు జవాబు లేదు.

ఇంతలో అట్టి కాఫీ పట్టణములో నెంతకు అమ్ముచున్నారో తెలిసికొన, మేము నెలనెల కొను పొడికి మూడు రెట్లకు పైగా నుండెను. రుచి లేని వస్తువునకు ఇంత వెల యేల? తప్పు వస్తువుదా, మాదా? వేసవి సెలవులలో ఆ విద్యార్థి మా యింటికి వచ్చినప్పుడు అతనిని విచారించి, పిమ్మట కొన్ని గ్రంథములును చూచి, తెలిసికొన్న సంగతులను మన పత్రిక చదువరుల ముందు పెట్టుచున్నాము.

ముందుగా మా అంగడి పొడి సంగతి. ఆ పొట్లము వెనుక అతి చిన్న యక్షరములతో ఏమి వ్రాసియున్నదో చదువుమని అతడు మా చేతికే యిచ్చెను. కాఫీ 53 పాళ్లు, చికోరీ 47 పాళ్లు. ఇరువది యేండ్లుగా ఆ పొట్లమును కొనుచున్నాము. ఒక్కనాడును వెనుకకు త్రిప్పి చూచిన పాపాన పోలేదు! చికోరీ యనగా ఒక మొక్క వేరు. దానిని ఎండబెట్టి, వేయించి, పొడిచేసి కలుపుదురు. మన దేశపు ఆహారశాసనము కాఫీ చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తక్కువ కారాదని మాత్రమే నిర్ణయించినది. చికోరీలో కాఫీయందలి ఉత్తేజక పదార్థము లేదు. నల్లని రంగును, చిక్కదనమును, ఒక విధమైన తియ్యని చేదును ఇచ్చును. అనగా మేము అతని కాఫీలో లేవని ఫిర్యాదు చేసిన చిక్కదనమును చేదును చాలమట్టుకు కాఫీవి కావు, వేరువి.

చికోరీ కలుపుట తప్పని మా అభిప్రాయము కాదు. దక్షిణదేశమున వేలకొలది గృహములలో ఉదయపు కాఫీ రుచి అదియే, చౌకయు నగును. అట్లే పెద్ద వర్తకులు పలు దేశముల, పలు కొండల కాఫీ గింజలను కలిపి అమ్ముదురు. కలుపుటవలన ఏటేట రుచి మారకుండును, వెల యదుపులో నుండును. అయితే కలుపుటలో ఇంకొక సౌకర్యము గలదు. పచ్చికాయ గింజయైనను, బూజుపట్టిన గింజయైనను పదివేల గింజలలో పడినచో దాని దోషము కానరాదు. గట్టిగా మాడ్చి వేయించినచో అసలే కానరాదు. ఏ దేశము, ఏ లోయ, ఏ రైతు అనునవి తెలియనివ్వక, పేరు లేని సరకుగా బస్తాలలో పోవు కాఫీయే లోకములో అధికము.

ఒకే దేశమున, లేక ఒకే లోయలో, ఒకే తోటలో పండిన గింజలను వేరొకదానితో కలుపక వేరుగా నుంచి, ఆ తావు పేరిటనే అమ్ము కాఫీని సింగిల్ ఆరిజిన్ కాఫీ యందురు. మనము ఒక్కచోటి కాఫీ యని యనవచ్చును. ఒక్కచోటిదైనంత మాత్రమున మంచిదగునని కాదు; ఒక్కచోటి చెడ్డ కాఫీయు గలదు. కాని యది తన చెడ్డతనమును దాచుకొనజాలదు. దాని వెలకు మొదటి కారణ మిందే యున్నది. దాచుకొనుటకు చోటు లేనప్పుడు ప్రతి పనియు జాగ్రత్తగా జరుగవలెను. జాగ్రత్తకు మనుష్యులు కావలెను, మనుష్యులకు కూలి యీయవలెను.

కలుపుటవలన దోషము దాగునట్లే గుణమును దాగును. దీనికి మధ్య అమెరికాలోని పనామా దేశమున మంచి నిదర్శనము గలదు. ఇథియోపియా దేశపు నైరుతి భాగమున గెషా యను అడవి ప్రాంతము గలదు. అచ్చటి కాఫీ విత్తనములు 1930 ప్రాంతమున సేకరింపబడి, తూర్పు ఆఫ్రికా మీదుగా కోస్టారికాకును, అటనుండి 1960 తరువాత పనామాకును చేరెను. ఆ చెట్లు కాపు తక్కువ గనుక రైతులు వానిని పెద్దగా లక్ష్యపెట్టలేదు. వాని పండ్లు మిగిలిన పండ్లతో కలిసి పోవుచుండెను. బొకెటె యను కొండయూరిలో ఎస్మెరాల్డా యను తోటవారు తమ తోటలోని ఒక్కొక్క భాగపు పంటను వేరువేరుగా నుంచి రుచి చూడగా, పైకొండన నున్న చెట్ల కాఫీ మల్లెపూవు, నిమ్మపండు వాసనలతో మిగిలిన వానికి పోలికయే లేక యుండెను. 2004వ సంవత్సరపు పోటీలో దానికి ప్రథమస్థానము వచ్చి, వేలములో పౌను 21 డాలర్లకు అమ్ముడయ్యెను. ఆనాటికది వినని వెల. ఆ చెట్లు ఆ నేలలో ఏండ్ల తరబడి యుండినవే. వేరుచేసి చూచినదాక వాని గుణ మెవరికిని తెలియలేదు. మా తరగతులలో వెనుక బల్లపై కూర్చుండు కొందరు పిల్లలు ఈ కథ చదువునప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చిరి. అది వేరు సంగతి.

ఇక మన మన్యమునకు వత్తము. తూర్పు కనుమలలో కాఫీ క్రొత్తది కాదు. 1898లో బ్రోడీ యను ఆంగ్లేయాధికారి తూర్పు గోదావరి ప్రాంతపు పాములేరు లోయలో మొదట నాటించెను. తరువాత అటవీశాఖవారును, గిరిజనాభివృద్ధి సంస్థలును, కాఫీబోర్డువారును అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో వ్యాపింపజేసిరి. పోడు కొట్టి కొండను కాల్చి చోళ్లు, సామలు చల్లుకొను కుటుంబములకు, చెట్టు నరుకక చెట్టు నీడనే పండు పంట దొరకినది. నేడు లక్షకు పైగా గిరిజన కుటుంబములు కాఫీ సాగుచేయుచున్నవి. వీరిలో పెక్కుమందికి ఎకరము రెండెకరములకు మించి తోట లేదు. ఈ ప్రాంతము 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది.

అరకు కాఫీ చెట్టు అరబికా జాతిది. ఇథియోపియా కొండయడవులు దీని పుట్టినిల్లు. అందుచేత దీనికి చల్లదనము కావలెను. సముద్రమట్టమునుండి ప్రతి వంద మీటర్ల యెత్తునకు సుమారు అర డిగ్రీకి పైగా వేడిమి తగ్గునని మన పిల్లలు భూగోళపాఠమున చదివియే యున్నారు. అరకు తోటలు 900 మొదలు 1100 మీటర్ల యెత్తున నున్నవి. ఇథియోపియా, పనామా తోటలు ఇంకను ఎత్తు; కాని మన మన్యము భూమధ్యరేఖకు వానికంటె దూరమున నుండుటచేత తక్కువ యెత్తుననే రాత్రులు చల్లబడును. చలిలో పండు నెమ్మదిగా పండును. మార్చి ఏప్రిలు నెలల జల్లులకు పూచిన తెల్లని పూవు పండగుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. నెమ్మదిగా పండిన గింజ గట్టిపడును, దానిలో తీపి నిండును. పైన సిల్వర్ ఓక్ మొదలగు చెట్ల నీడ, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలు, క్రింద కాఫీ మొక్కలు. నీడలో కాపు తగ్గును, గుణము పెరుగును. మొక్క నాటిన మూడు నాలుగేండ్లదాక ఒక్క పండైన రాదు.

వచ్చిన పండ్లన్నియు ఒకేసారి పండవు. ఒక్క కొమ్మమీదనే పచ్చిది, పసుపు తిరిగినది, ఎఱ్ఱనిది, మిగులపండి నల్లబడినది కలిసి యుండును. బ్రెజిలు దేశపు చదునైన తోటలలో యంత్రము కొమ్మనంతటిని దులిపి వేయును. మన్యపు వాలులమీద యంత్రము నిలువదు, చేతితోనే కోయవలెను. తొందరపడువారు కొమ్మను మొదటినుండి చివరకు దూయుదురు. గంటలో బుట్ట నిండును. మంచి కాఫీ కావలెనన్నచో ఎఱ్ఱనిదానిని మాత్రమే వ్రేళ్లతో త్రుంచి, మిగిలినవానిని చెట్టుననే విడిచి, పది పదునైదు దినములకు మరల రావలెను. నవంబరు మొదలు ఫిబ్రవరివరకు ఒక్కొక్క చెట్టు నొద్దకు నాలుగైదు సారులు నడువవలెను. "మా అమ్మ యొక బుట్ట నింపునప్పటికి దూసి కోయువారు మూడు బుట్టలు నింపుదురు" అని మా విద్యార్థి చెప్పెను. మూడు రెట్ల వెలలో ఒక పెద్ద భాగమునకు లెక్క మాకిక్కడ దొరకినది.

లెక్క యన్నచో సరిగా వేయుదము. ఒక చెట్టు ఏడాదికి సుమారు రెండున్నర కిలోల పండ్లు ఇచ్చుననుకొందము. అయిదారు కిలోల పండ్లకు ఒక కిలో పచ్చిగింజ వచ్చును గనుక, ఆ చెట్టు గింజ 450 గ్రాములు. వేయించునప్పుడు నూటికి 15 మొదలు 20 పాళ్లు బరువు తగ్గును. మిగులునది సుమారు 375 గ్రాములు. ఒక కప్పునకు 15 గ్రాములు వేసినచో 25 కప్పులు. అనగా దినమునకొక కప్పు త్రాగువాడు నెల తిరుగకముందే ఒక చెట్టు ఏడాది కష్టమును త్రాగివేయును. ఒక్క కప్పులో నూటికి పైగా గింజలు. అనగా యేబది యరువది పండ్లు, ఒక్కొక్కటిగా త్రుంచినవి. ఈ లెక్కను ఎనిమిదవ తరగతి పిల్లలచేత నల్లబల్లపై చేయించితిమి. ఒక బాలిక లేచి, "మాస్టారూ, మరి ఆమెకు కప్పుకు ఎంత వచ్చును?" అని యడిగెను. దానికి ముందు ముందు వత్తుము.

కోసిన పండును ఆనాడే తొక్క తీయవలెను. రాత్రి నిలువయుంచినచో బుట్టలోనే పులిసిపోవును. మొదట నీళ్లతొట్టిలో వేయుదురు; పురుగు తిన్నవి, తాలువి తేలును, వానిని తీసివేయుదురు. మరలో తొక్క తీసిన పిమ్మట గింజచుట్టు జిగురు మిగులును. దానిని తొట్టిలో పులియనిత్తురు. చలిని బట్టి పండ్రెండు గంటలును పట్టవచ్చును, ఒకటిన్నర దినమును పట్టవచ్చును. గడియారముకంటె చేయి ప్రమాణము: గింజలను పిడికిట రాచినప్పుడు జారక గరుకుగా తగిలినచో జిగురు విడిచినట్లు. ఒక పూట ఆలస్యమైనచో పులుపు గింజలోనికి దిగి బస్తా మొత్తము చెడును. తరువాత కడిగి, నేలమీద గాక మంచెలవంటి బల్లలపై పలుచగా పరచి, పలుమారులు తిరుగవేయుచు, నూటికి 11 పాళ్ల తేమ మిగులువరకు ఎండబెట్టుదురు. మంచు కురియు సాయంకాలములలో కప్పవలెను, ఎండ రాగానే తీయవలెను. పూర్వము పెక్కు ఇండ్లలో పండ్లను వాకిట మట్టిమీదనే ఎండవేసి సంతలో వర్తకుడు చెప్పిన వెలకు ఇచ్చివేయుచుండిరి. అదే కొండ, అదే చెట్టు. కాని ఆ కాఫీకి మట్టివాసన తప్ప పేరు లేకుండెను.

ఎండిన గింజకు పైపొర తీసి, జల్లెడలలో పరిమాణమును బట్టి వేరుచేసి, స్త్రీలు బల్లలచెంత కూర్చుండి నల్లవానిని, విరిగినవానిని ఏరుదురు. ఒక కప్పులో ఒక్క చెడు గింజ పడినను నాలుకకు తెలియును. తరువాత పరీక్ష. గింజను కొంచెముగా వేయించి, బరకగా విసరి, అయిదు కప్పులలో పోసి, వేడినీరు నింపి, నాలుగు నిమిషములు ఆగి, పైతెట్టును చెంచాతో విడగొట్టి వాసన చూచి, చప్పుడగునట్లు జుఱ్ఱుదురు. మన పెద్దలు చూచినచో మర్యాద కాదందురు గాని, అట్లు జుఱ్ఱినగాని వాసన ముక్కునకు చేరదట. వాసన, పులుపు, తీపి, నిలుకడ మొదలగువానికి వేరువేరుగా మార్కులు వేసి నూటికి లెక్కింతురు. 80కి తక్కువైనది విశిష్టమైన కాఫీ కాదు. అయిదు కప్పులును ఒకే రుచిగా నుండవలెను. ఒక్కటి చెడినను మార్కులు పోవును. మేము పరీక్షపత్రములు దిద్దుటలో ఇంత కఠినముగా నుండినచో తలిదండ్రులు మాపై దండెత్తుదురు!

ఇట్టి పరీక్షలలో నిలిచియే అరకు కాఫీ పేరు తెచ్చుకొనినది. గిరిజన రైతుల సహకార సంఘము నాంది ఫౌండేషను సహాయముతో పండించిన కాఫీకి 2017లో పారిస్ నగరమున అంగడి తెరువబడెను. 2018లో ఆ దేశమున బంగారు బహుమానము వచ్చెను. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించెను. కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, వైనాడు కాఫీలకును ఆ యేడే లభించినది. ఈ గుర్తింపు ఊరకే అలంకారము కాదు. హవాయి దీవిలోని కోనా కాఫీ మిక్కిలి వెలగలది. 1990 తరువాతి యేండ్లలో ఒక వర్తకుడు మధ్య అమెరికా గింజలను కోనా సంచులలో నింపి యేండ్లకొలది అమ్మి పట్టుబడెను. పేరునకు వెల యున్నచోట పేరునకు దొంగయు నుండును. వెల హెచ్చినదెల్ల మంచిదని నమ్ముటయు పొరపాటే. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజల కాఫీకి గొప్ప వెల పెట్టువారున్నారు. అందుకై ఆ మూగజంతువులను బోనులలో పెట్టి పండ్లు మేపుచున్నారు. ఆ వెల వింతకే గాని రుచికి కాదు.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్న. పేరు లేని కాఫీకి వెలను కోసినవారుగాని కొన్నవారుగాని నిర్ణయింపరు. న్యూయార్కు నగరపు వర్తకస్థానము నిర్ణయించును. బ్రెజిలులో మంచు పడినచో వెల యెగయును, పంట విరివిగా పండినచో కూలును. 2001లో పౌను అరబికా అర డాలరుకు దిగిపోయెను. 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటెను. చెట్టును పెంచుట ఎప్పుడును ఒకటే పని. ఒక్కచోటి కాఫీకి గుణమును బట్టి వేరుగా వెల కుదురును గనుక ఈ యెగుడుదిగుడుల దెబ్బ కొంత తగ్గును. ఎఱ్ఱని పండ్లు మాత్రమే తెచ్చినవారికి సంఘము తూకముచోట హెచ్చు వెల యిచ్చుటచేతనే తన తల్లి ఆ మూడవవంతు బుట్టతో తృప్తిపడుచున్నదని మా విద్యార్థి చెప్పెను. అయినను అద్దపు కిటికీల హోటలులో మనమిచ్చు పైకములో అధికభాగము అద్దెకును, పాలకును, జీతములకును పోవును. కొండకు చేరునది కొంచెమే. అందుచేత హోటలులో ఒక కప్పు త్రాగుటకంటె సహకార సంఘముల గింజలను కొని యింట కాచుకొనుట మేలని మాకు తోచుచున్నది. పెంపకపు కష్టములును తక్కువ కావు. 2025లో కాయతొలుచు పురుగు అరకు తోటలలో కనబడి, పట్టిన పండ్లను కోసి నశింపజేయవలసి వచ్చెను.

వేసవిలో అతడు వచ్చినప్పుడు మరల ఒక పొట్లమును, చేతితో త్రిప్పు చిన్న మరను తెచ్చెను. మా మొదటి కాఫీ కథ విని నవ్వి, "మిరపకాయల మరలోనా, మాస్టారూ!" అని తల పట్టుకొనెను. వేయించిన గింజలో ఎనిమిదివందలకు పైగా వాసన పదార్థములున్నవట. పొడి చేసిన గంటలలోనే చాలభాగము గాలిలో కలియును. కావున త్రాగుటకు ముందే విసరవలెను. అతడు 15 గ్రాముల గింజలు తూచి, ఉప్పురవ్వవలె విసరి, తెర్లి ఒక నిమిషము చల్లారిన నీరు కప్పెడు పోసి, నాలుగు నిమిషములు మూతపెట్టి, గుడ్డలో వడగట్టెను. పాలు లేవు, చక్కెర లేదు. మా ఇల్లాలు అనుమానముగా చూచుచుండెను. మొదటి గుక్క మాకు వింతగా తోచెను. కొంచెము చల్లారిన తరువాత, మేము పులుపని తిట్టినది నారింజపండు పులుపువంటిదనియు, దాని వెనుక బెల్లపు తీపి వంటిది నాలుకపై నిలుచుచున్నదనియు తెలిసెను. పాలు, చక్కెర, చికోరీ వీని క్రింద ఈ రుచి యెన్నడును వినబడియుండదు.

మేము ఇంటిలో చికోరీ పొడిని మానలేదు. ఉదయము పనికి పోవు తొందరలో అదియే. ఆదివారము మధ్యాహ్నము మాత్రము చిన్న మర బయటికి వచ్చును. లెక్క వేయగా కప్పునకు అయ్యెడు ఖర్చు హోటలు కాఫీకంటె తక్కువయే.

బస్సెక్కునప్పుడు అతనిని, "మీ అమ్మకు ఈ కాఫీ యెట్లుండును?" అని యడిగితిమి. ఆమె యెన్నడును త్రాగలేదట. ఆమెకు చోడి అంబలియే ప్రియము. "మాస్టారికి నచ్చలేదని ఉత్తరము చదివి వినిపించితిని. పండు సరిగా ఎఱ్ఱబారలేదేమో, నేనే తొందరపడితినేమో యని ఆమె రెండు దినములు అనుచుండెను" అని చెప్పెను. మాకు నోట మాట రాలేదు. తప్పు పండుది కాదనియు, మాస్టారు రెండవ కప్పు అడిగి త్రాగెననియు ఆమెతో చెప్పుమంటిమి.